సీతానగరం రేవులో ఒంటికొన గాలం

కెనడాలోని బ్రిటిష్ కొలంబియా నుంచి సెలవులకు వచ్చిన మా బావగారు కృష్ణలో గాలం వేసి తీరాలన్నారు కనుక, మాఘమాసంలో ఇద్దరం రెండు రోజులు విజయవాడలో గడిపాము. వన్‌టౌన్‌లో దిగిన లాడ్జి గది శుభ్రంగానే ఉంది కాని, తెల్లవారుజామునే బయలుదేరుతామని రాత్రే చెప్పినా తాళం తీసే మనిషి లేక అరగంట మెట్ల మీద కూర్చున్నాము.

రైవస్ కాలువ గట్టున గాలానికి చేపలకంటే ప్లాస్టిక్ సంచులే ఎక్కువ తగిలాయి. పున్నమి ఘాట్ నుంచి భవానీ ద్వీపానికి పడవ ప్రయాణం పిల్లాపాపలతో వెళ్లేవారికి బాగుంటుంది. బెండు మీద చూపు నిలపవలసిన వారికి ఆ సందడి పనికిరాదు. 1957లో పూర్తయిన ప్రకాశం బ్యారేజీ దాటి, ఎగువన నీరు నిలకడగా ఉండే సీతానగరం రేవుకు చేరాకే మాకు కుదురు చిక్కింది.

గాలాలు కొనేటప్పుడు అంకెలతో నేను తికమకపడ్డాను. 6వ నంబరు గాలం కంటే 10వ నంబరుది చిన్నది. 1 దాటాక మాత్రం 1/0, 2/0 అంటూ అంకెతో పాటు గాలమూ పెద్దదవుతుంది. పైగా ఒక కంపెనీ కొలత మరో కంపెనీతో సరిగ్గా కలవదు కాబట్టి కళ్లతో చూసి కొనడమే మేలు. మూడు కొనల గాలాన్ని బావగారు ముట్టుకోలేదు. వారి ప్రాంతపు నదుల్లో ఒకే కొన ఉండాలట, కొన వెనుక ఎదురుగా లేచి ఉండే చిన్న ముల్లు ఉండకూడదట. పట్టకారుతో ఆ ముల్లును నొక్కి చదును చేసినా చాలునట. నోటికి కాక ఒంటికి గుచ్చుకున్న చేపను తిరిగి నీటిలో వదలవలసిందేనట.

ఇంత పట్టింపు ఎందుకో నా గాలానికి వేలెడంత జెల్ల పడినప్పుడు తెలిసింది. వానపాముతో పాటు గాలాన్నీ మింగిన దాని దవడలో ఎదురుముల్లు దిగబడి, ఊడదీసేలోపు నోరు చీలింది. రెక్క ముల్లు నా బొటనవేలిలో దిగింది. బావగారి గాలానికి చిక్కిన జెల్ల మాత్రం మణికట్టు ఒక్కసారి తిప్పగానే విడివడి నీటిలోకి జారుకుంది.

పక్కన కూర్చున్న పెద్దాయన ఆ చదును గాలాన్ని గోటితో గీకి చూసి, "ఇది పెద్ద చేపను ఆపదు బాబూ" అన్నారు. అన్నట్టే బావగారు గుచ్చిన గోధుమపిండి ముద్దకు శీలావతి చేప పడి, దారం క్షణం వదులవగానే తప్పించుకుపోయింది. "దారం బిగువు తప్పింది, గాలం తప్పు కాదు" అని బావగారు అంటూ ఉండగానే, పెద్దాయన తన డబ్బాలోంచి ముల్లున్న గాలం తీసి ఆయన ముందు పెట్టారు.