హెల్త్ కార్డు లేని నెలల్లో మిడ్‌వైఫ్ సేవలు: ఒంటారియోలో నా అనుభవం

కెనడాలోని ఒంటారియో ప్రావిన్సులో నివాసం ఉంటే చాలు, ఓహిప్ (ప్రావిన్సు ప్రభుత్వ ఆరోగ్య బీమా) కార్డు లేకపోయినా మిడ్‌వైఫ్ (గర్భం, కాన్పు చూసే శిక్షణ పొందిన మంత్రసాని) సేవకు డబ్బు కట్టక్కర్లేదు. స్పౌజ్ స్పాన్సర్‌షిప్ (భర్త తరఫున వేసే దరఖాస్తు) వేసుకుని పీఆర్ (శాశ్వత నివాస హోదా) కోసం ఎదురుచూస్తుండగా గర్భం వచ్చిన ఆడవాళ్లకు ఈ ఒక్క సంగతి ముందుగా తెలిస్తే సగం టెన్షన్ తగ్గిపోతుంది. నాకు మొదట్లో ఎవరూ చెప్పలేదు. అందుకే రాస్తున్నాను.

స్పాన్సర్‌షిప్ ఫారాలు, ఫీజులు, పెళ్లి ఫొటోల సంగతి జోలికి వెళ్లను. ఆ వివరాలు అందరికీ తెలిసినవే. నా పరిస్థితి మాత్రం చెప్పాలి. మా ఆయన పీఆర్, ఉద్యోగం బ్రాంప్టన్‌లో. నేను కాకినాడ నుంచి విజిటర్‌గా వచ్చాను. ఇక్కడే ఉండి ఇన్‌ల్యాండ్ అప్లికేషన్ పెట్టాం. ఏఓఆర్, అంటే అప్లికేషన్ అందిందని చెప్పే ఉత్తరం వచ్చింది. దాన్ని చూపిస్తే హెల్త్ కార్డు ఇస్తారని చాలామంది అనుకుంటారు. అప్లికేషన్ అందింది అని చెప్పే ఉత్తరం వేరు, పీఆర్‌కు అప్లై చేసే అర్హత మీకుంది అని ఐఆర్‌సీసీ (కెనడా ఇమ్మిగ్రేషన్ శాఖ) ధ్రువీకరించే ఉత్తరం వేరు. ఓహిప్‌కు కావాల్సింది రెండోది. అది ఎప్పుడొస్తుందో ఎవరి చేతిలోనూ లేదు.

ఇంకో దారి ఉంది. ఓపెన్ వర్క్ పర్మిట్ (ఏ యజమాని దగ్గరైనా పనిచేసే అనుమతి) తీసుకుని, ఒంటారియో యజమాని దగ్గర కనీసం 6 నెలల ఫుల్‌టైమ్ ఉద్యోగం చూపిస్తే కార్డు వస్తుంది. అలా కార్డుకు అర్హత ఉన్న ఉద్యోగి భార్యకో భర్తకో కూడా ఇస్తారు. మా బిల్డింగ్‌లోనే వర్క్ పర్మిట్ మీదున్న ఒక తెలుగాయన భార్యకు అలాగే కార్డు ఉంది. పీఆర్ ఉన్నాయన భార్యనైన నాకు లేదు. ఈ తేడా నాకు ఇప్పటికీ మింగుడు పడదు. నాకేమో వేవిళ్లు. మంచినీళ్లు కూడా కడుపులో నిలవని ఆ రోజుల్లో ఫుల్‌టైమ్ ఉద్యోగం చెయ్యగలిగే స్థితి కాదు.

కొనుక్కున్న విజిటర్ ఇన్సూరెన్స్ గురించి ఒక్క ముక్క: జ్వరానికి ఒకసారి పనికొచ్చింది, క్లెయిమ్ డబ్బులు సరిగ్గానే ఇచ్చారు. కానీ మా పాలసీలో గర్భానికి సంబంధించిన మామూలు చెకప్‌లు, కాన్పు ఖర్చు లేవు. మా ఆయన కంపెనీ బెనిఫిట్స్‌లో చేరాలంటే ముందు ప్రభుత్వ కార్డు ఉండాలన్నారు. ఇక్కడ కార్డు లేనివాళ్లకు ఆసుపత్రిలో ఒక్క రోజు గది ఖర్చే వేల డాలర్లలో ఉంటుంది. కోవిడ్ మొదలైనప్పుడు, 2020 మార్చిలో, కార్డు లేనివాళ్ల ఆసుపత్రి ఖర్చు ప్రభుత్వమే భరించే ఏర్పాటు ఒకటి పెట్టారు. 2023 మార్చి 31తో దాన్ని ఆపేశారు. మా వంతు వచ్చేసరికి అది లేదు.

అప్పుడు మా వీధి చివర్లో ఉండే పంజాబీ ఆవిడ, "మిడ్‌వైఫ్‌లకు ఫోన్ చెయ్యి, కార్డు అడగరు" అంది. నేను నమ్మలేదు. అయినా అసోసియేషన్ ఆఫ్ ఒంటారియో మిడ్‌వైవ్స్ వెబ్‌సైట్‌లో మా పోస్టల్ కోడ్ కొట్టి, దగ్గర్లోని క్లినిక్‌కు ఫోన్ చేశాను. డాక్టరు రెఫరల్ అక్కర్లేదు. ఫోనెత్తినావిడ అడిగినవి: ఆఖరి నెలసరి తేదీ ఎప్పుడు, ఎక్కడ ఉంటున్నారు, ఇంతకుముందు కాన్పులు ఉన్నాయా. ఓహిప్ లేదని నేనే చెప్పాను. "ఫర్వాలేదు, ఒంటారియోలో ఉంటున్నట్టు ఏదైనా ఉత్తరం తెచ్చుకోండి చాలు" అంది. ఫోన్ పెట్టేసి చాలాసేపు ఏడ్చాను. అన్ని వారాలుగా ఎక్కడికి ఫోన్ చేసినా మొదటి ప్రశ్న కార్డు గురించే.

కాకినాడలో అమ్మకు చెబితే భయపడిపోయింది. "డాక్టరు లేకుండా కాన్పేమిటి తల్లీ" అని రోజూ అదే మాట. ఒంటారియోలో 1994 నుంచి ఇది చట్టప్రకారం నడిచే వృత్తి అనీ, నాలుగేళ్ల డిగ్రీ చదువుతారనీ, ఆసుపత్రిలో కాన్పు చేసే అధికారం వాళ్లకుందనీ వివరించాక కొంచెం తగ్గింది. పూర్తిగా తగ్గింది మాత్రం ఒక చెకప్‌లో వీడియో కాల్ పెట్టినప్పుడే. మా మిడ్‌వైఫ్ పొట్ట మీద పరికరం పెట్టి బిడ్డ గుండె చప్పుడు అమ్మకు వినిపించింది. ఇంగ్లిష్ రాని మా అమ్మ అడిగిన ప్రతిదానికీ నా చేత తెలుగులో చెప్పించి, ఓపిగ్గా జవాబిచ్చింది. ప్రతి చెకప్‌కు అరగంట తక్కువ కాకుండా కూర్చోబెట్టి మాట్లాడేవాళ్లు. ఏం తింటున్నావు, నిద్ర పడుతోందా, ఇంట్లో ఎవరున్నారు, ఇవన్నీ అడిగేవాళ్లు.

ఇక కాన్పు. నొప్పులు సాయంత్రం మొదలయ్యాయి. పేజర్‌కు ఫోన్ చేస్తే మా మిడ్‌వైఫే ముందు ఇంటికొచ్చి చూసి, ఇంకా టైముంది, ఇక్కడే నడువు అంది. తొందరపడి వెళితే ఆసుపత్రి లెక్క ముందే మొదలవుతుందని ఆమెకు తెలుసు, నాకు తెలుసు. అయినా ఆ కారణంతో ఒక్క నిమిషం కూడా ప్రమాదంలో ఉంచదని నాకు నమ్మకం. అర్ధరాత్రి దాటాక ఆసుపత్రికి వెళ్లాం. తెల్లవారుజామున పాప పుట్టింది. రెండో మిడ్‌వైఫ్ పాపను చూసుకుంటే, మొదటావిడ నన్ను చూసుకుంది. తల్లీబిడ్డా బాగుంటే మూడు గంటల తర్వాత ఇంటికి పంపేయవచ్చట. అన్నీ రెండుసార్లు సరిచూసి, ఆ పొద్దున్నే పంపించారు.

"పచ్చి బాలింతను అప్పుడే పంపేస్తారా" అని అమ్మ కంగారు. మరుసటి రోజుకల్లా మిడ్‌వైఫ్ మా ఇంటి తలుపు కొట్టింది. పాప బరువు తూచింది, పసిరికలు ఉన్నాయేమో చూసింది, మడమ నుంచి పరీక్షకు రక్తం తీసింది, పాలు పట్టడం దగ్గర కూర్చుని నేర్పింది. మొదటి వారంలో మళ్లీ మళ్లీ వచ్చింది. ఆరు వారాల వరకు ఇద్దరి బాధ్యతా వాళ్లదే. అమ్మకు వీసా రాక, అత్తగారు రాలేక, పురిటి గదిలో నాకు ఆడతోడు అంటూ ఉన్నది ఆవిడే.

ఇంత చెప్పాను కదా, మిగతాదీ చెప్పాలి. ఉచితం అన్నది మిడ్‌వైఫ్ సేవ వరకే. ఆసుపత్రిలో గది తీసుకుంటే ఆ బిల్లు వేరు, ఎపిడ్యూరల్ (నొప్పులు తెలియకుండా వెన్నులో ఇచ్చే మందు) ఇచ్చే డాక్టరు ఫీజు వేరు. ఎనిమిదో నెలలో ఒక రాత్రి బిడ్డ కదలికలు తగ్గాయనిపించి పేజర్‌కు ఫోన్ చేస్తే, మిడ్‌వైఫ్ వెంటనే ఆసుపత్రికి రమ్మని, తనూ వచ్చి, మానిటర్ పెట్టి చూసింది. అంతా బాగుంది. కానీ కొన్నాళ్లకు ఆసుపత్రి నుంచి బిల్లు వచ్చింది. నా రక్తపరీక్షలు, స్కాన్లలో ఎక్కువ వాటికి క్లినిక్ తన నిధుల నుంచే కట్టింది, కొన్నిటికి మేం కట్టాం. మీ క్లినిక్‌లో ఏవేవి కడతారో మొదటి రోజే అడిగి రాయించుకోండి. బీపీ పెరిగినా, కవలలైనా, సిజేరియన్ కావాల్సి వచ్చినా కేసు డాక్టరు చేతికి వెళుతుంది, అక్కడి నుంచి లెక్క మారిపోతుంది. సీట్లు కూడా త్వరగా నిండిపోతాయి. టెస్టులో రెండో గీత కనిపించిన రోజే ఫోన్ చెయ్యాలి.

పీఆర్ వైపు ఒక చిక్కు కూడా ఉంది. ఇమ్మిగ్రేషన్ మెడికల్‌లో ఛాతీ ఎక్స్‌రే ఉంటుంది. గర్భంతో ఉన్నవాళ్లు దాన్ని కాన్పు తర్వాతకు వాయిదా వేసుకోవచ్చు. నేను వాయిదానే కోరుకున్నాను. మెడికల్ పూర్తికాకుండా పీఆర్ రాదు కాబట్టి ఆ మేరకు ఆలస్యమైంది. అర్హత ధ్రువీకరణ ఉత్తరం పాప పుట్టాకే వచ్చింది. అది, పాస్‌పోర్టు, ఇంటి చిరునామా కాగితం పట్టుకెళితే ఓహిప్ ఇచ్చారు. పూర్వం ఉండే మూడు నెలల వెయిటింగ్ 2020లోనే తీసేశారు కాబట్టి ఆ రోజు నుంచే పనిచేసింది. పాప ఇక్కడ పుట్టిన పౌరురాలు కాబట్టి దాని నమోదు ఫారం మిడ్‌వైఫ్ పుట్టిన రోజే ఇచ్చేసింది. మా ఇంట్లో నాకంటే ముందు కార్డు దానికే వచ్చింది.

నాకిది బాగా కుదిరింది. దానికి కారణాలున్నాయి: వయసు ముప్పై లోపు, సుగర్, బీపీ లేవు, కాన్పు మామూలుగా జరిగింది, ఏదైనా అయితే కట్టడానికి మా ఆయన కొంత దాచి ఉంచారు. ఇవి లేనివాళ్లు నా మాట ఒక్కటే పట్టుకుని నిశ్చింతగా ఉండకండి. మిడ్‌వైఫ్‌తో పాటు కమ్యూనిటీ హెల్త్ సెంటర్‌లో కూడా పేరు రాయించుకోండి, చాలా సెంటర్లు కార్డు లేనివాళ్లను చూస్తాయి. వేరే ప్రావిన్సులో ఉంటే అక్కడి నియమాలు వేరు, అక్కడే కనుక్కోవాలి. ఇప్పుడు నా దగ్గర కార్డుంది, ఏ డాక్టరు దగ్గరికైనా వెళ్లొచ్చు. రెండో కాన్పంటూ ఉంటే, బీపీ అదుపులో ఉన్నంతవరకు, నా మొదటి ఫోన్ మాత్రం ఆ క్లినిక్‌కే.