మారియో ఇప్పటికీ బాగానే దూకుతాడు, చిక్కంతా టీవీతోనే

పాత వీడియో గేములు ఇప్పుడు ఆడితే బాగుంటాయా అని అడిగేవాళ్లకు నేను గట్టిగా చెప్పగలిగింది ఒక్క గేము గురించే: 1985లో జపాన్ కంపెనీ నింటెండో తెచ్చిన సూపర్ మారియో బ్రదర్స్. బాగుంటుంది. చిన్నప్పటి జ్ఞాపకాల వల్ల కాదు, మారియో దూకే తీరు వల్ల. కొన్నేళ్లుగా మా ఇంట్లో ఈ గేము ఆడుతూనే ఉన్నాం, ఆ దూకడం మీద నాకు మోజు ఇంకా తీరలేదు. రాకుమారి, తాబేళ్లు, పైపులు, కోటలు అందరికీ తెలిసినవే కాబట్టి వాటి జోలికి వెళ్లను.

బటన్ మీద వేలు ఎంతసేపు ఉంచితే మారియో అంత ఎత్తు లేస్తాడు. తాకి వదిలేస్తే చిన్న గెంతు. నొక్కి పట్టుకుంటే నాలుగు ఇటుకల ఎత్తు. పరుగు మీద ఉండి దూకితే ఇంకొంచెం పైకి. గాల్లో ఉండగా ఎడమవైపు నొక్కితే జోరు తగ్గించుకుని వెనక్కి మళ్లుతాడు. నేల మీద దిగాక వెంటనే ఆగడు, కాస్త జారతాడు. దూకేటప్పుడే ఆ జారుడును కూడా లెక్కలో వేసుకోవాలి. ఎనిమిదో వరల్డ్ మొదటి స్టేజీలో పెద్ద గుంత మధ్యన ఒక్క ఇటుక వెడల్పున్న చోటు వస్తుంది. దాని మీద దిగాలి, దిగీ దిగగానే మళ్లీ లేవాలి. అక్కడ పడిపోయినప్పుడు గేము అన్యాయం చేసిందని నాకు ఎప్పుడూ అనిపించలేదు. వేలు ఎక్కడ తడబడిందో వేలికే తెలుస్తుంది. నలభై ఏళ్ల కిందటి గేములో, అదీ మొత్తం కలిపి 40 కిలోబైట్లున్న గేములో, ఇంత చక్కటి పట్టు కుదరడం నాకు ఇప్పటికీ అబ్బురమే.

ఇదంతా జ్ఞాపకాల మహిమ కాదనడానికి నా దగ్గర ఉన్న రుజువు ఐస్ క్లైంబర్. అదీ నింటెండోదే, అదీ 1985లో వచ్చిందే, ఆడేదీ అదే యంత్రం మీద. మా వీధిలో మారియో కన్నా ముందు మాకు దొరికింది అదే. వేసవి సెలవులన్నీ దానితోనే గడిచాయి, జ్ఞాపకాలకు ఏ లోటూ లేదు. ఇప్పుడు ఆడితే కొద్దిసేపటికే విసుగొస్తుంది. మనిషి నిలువునా పైకి బాగానే లేస్తాడు గానీ పక్కకు సాగడు, అందినట్టే కనిపించిన అంచు నుంచి జారి కింద పడతాడు. అంతకు ముందు 1981లో వచ్చిన డాంకీ కాంగ్‌లో అయితే కాలు నేల విడిచాక మన చేతుల్లో ఏమీ ఉండదు, వెళ్లిన దారినే వెళ్లి దిగాలి. మారియో మొదట కనిపించింది అందులోనే, దాన్ని తయారుచేసింది కూడా సూపర్ మారియోను తయారుచేసిన షిగెరు మియమోటోనే. ఆ నాలుగేళ్లలో ఆయన, తకాషి తెజుకా, వాళ్ల బృందం దూకడాన్ని ఎక్కడి నుంచి ఎక్కడికి తీసుకువచ్చారో తెలియాలంటే ఈ గేములను వరసగా పక్కపక్కన పెట్టి ఆడి చూడాలి.

ఇంత ప్రేమ ఉన్న గేము మొదట్లో నా చేతిలో నిలవలేదు.

నింటెండో పాత గేము యంత్రానికి ఇప్పుడు బజారులో దొరికే నకలు యంత్రాలలో ఒకటి కొన్నాను. ఎరుపు, తెలుపు, పసుపు తీగలతో టీవీకి పెట్టుకునేది, ఇన్ని లక్షల గేములు అని మీద రాసి ఉండే క్యాసెట్‌తో. మా హాల్లో ఉన్నది పెద్ద ఎల్‌ఈడీ టీవీ. బొమ్మ వచ్చింది, పాట వచ్చింది, మొదటి గుంతలోనే పడ్డాను. మళ్లీ పడ్డాను. పడుతూనే ఉన్నాను. నొక్కింది సరైన చోటే, మారియో మాత్రం అంచు దాటాక దూకాలనుకుని నేరుగా లోపలికి పోతున్నాడు. జాయ్‌స్టిక్ మార్చాను. క్యాసెట్ మార్చాను. వేరే యంత్రం తెచ్చి పెట్టి చూశాను. అదే తీరు. వయసు మీద పడింది, చేతులు నెమ్మదించాయి అని ఇంట్లోవాళ్లు తేల్చేశారు.

అసలు సంగతి బయటపెట్టింది తెల్ల తీగ. ఒకరోజు రాత్రి టీవీ మోతకు పిల్ల లేస్తుందని ఆ తెల్ల తీగను టీవీ నుంచి తీసి, మంచం పక్కన ఉండే చిన్న స్పీకరుకు పెట్టి, శబ్దం బాగా తగ్గించి ఆడుతున్నాను. బటన్ నొక్కగానే స్పీకరులో దూకిన చప్పుడు వచ్చింది. తెర మీద మారియో ఇంకా నేల మీదే ఉన్నాడు. చప్పుడు అయ్యాక, లిప్తపాటు తర్వాత లేచాడు. మళ్లీ నొక్కాను, మళ్లీ అంతే: ముందు చప్పుడు, తర్వాత బొమ్మ. యంత్రం నా మాట అప్పటికప్పుడే వింటోంది. ఆలస్యం చేస్తున్నది టీవీ.

ఇప్పటి టీవీలు తమకు అందిన బొమ్మను అందినట్టు చూపించవు. 256 చుక్కల వెడల్పున్న పాత బొమ్మను సాగదీస్తాయి, నునుపు చేస్తాయి, రంగులు దిద్దుతాయి, అప్పుడు తెర మీదకు పంపిస్తాయి. ఈ తతంగానికి కొన్ని టీవీలలో సెకనులో పదో వంతు దాకా పడుతుంది. సినిమా చూసేటప్పుడు మాటనూ బొమ్మనూ కలిపే ఆలస్యం చేస్తాయి కాబట్టి ఎవరికీ తెలియదు. మారియో పూర్తి వేగంతో పరిగెత్తేటప్పుడు ఆ పదో వంతు సెకనులో దాదాపు ఒక ఇటుక వెడల్పు దూరం వెళ్లిపోతాడు. ఒక్క ఇటుక మీద దిగి దూకాల్సిన చోట ఒక ఇటుక ఆలస్యం! ఆ గేములో బాగున్నది ఏదో, సరిగ్గా దాన్నే ఈ టీవీలు మింగేస్తున్నాయి. పాత గేము ఆడి చూసి, చేతికి లొంగడం లేదు, కాలం చెల్లిపోయింది అని పక్కన పడేసినవాళ్లలో ఎంతమంది నిజానికి తమ టీవీతో ఓడిపోయారో అని తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది. సెట్టింగులలో గేమ్ మోడ్ అని ఒకటి ఉంటుంది, అది పెడితే ఈ మెరుగులన్నీ చాలావరకు ఆగిపోతాయి. మా టీవీలో దానితో తేడా తెలిసింది గానీ జబ్బు పూర్తిగా నయం కాలేదు.

బాతులను కాల్చే డక్ హంట్ తుపాకీ మాటే ఎత్తకండి, ఎల్‌ఈడీ తెర మీద అది అసలు పనిచేయదు. మీట నొక్కగానే తెర ఒక క్షణం నల్లగా మారుతుంది, బాతు ఉన్నచోట తెల్లటి గడి వెలుగుతుంది, తుపాకీ గొట్టంలోని సెన్సరు ఆ వెలుగును పట్టుకుంటుంది. వెలగాల్సిన క్షణంలో వెలుగు రాకపోతే ఎంత గురిచూసినా తగలదు.

తెనాలిలో మా అత్తగారింట్లో 21 అంగుళాల పాత డబ్బా టీవీ ఉండిపోయింది. "ఆ బరువు మోసుకుని ఎక్కడికి బాబూ, పాత సామాన్లవాడికి వేసేద్దాం అనుకుంటుంటే" అని ఆవిడ అంటూనే ఉన్నారు, మేమిద్దరం దాన్ని కారు వెనక సీటులో దుప్పట్ల మధ్య కూర్చోబెట్టి తెచ్చుకున్నాం. ఆ రోజు సాయంత్రం అదే యంత్రం, అదే క్యాసెట్, అదే జాయ్‌స్టిక్. వేలు పడిన క్షణంలోనే మారియో లేచాడు. మొదటి వరల్డ్ నాలుగు స్టేజీలూ ఆగకుండా దాటేశాను. చేతులకు ఏమీ కాలేదు.

ఇక్కడితో సమీక్ష ముగించి అయిదు చుక్కలు ఇచ్చేవాణ్నే. మా తమ్ముడు వచ్చి నా మెప్పుకోలుకు ఒక మెలిక పెట్టాడు.

వాడు డాలస్‌లో ఉంటాడు. సెలవులకు వస్తూ నింటెండో స్విచ్ అనే గేము యంత్రం తెచ్చాడు, అందులో ఇదే గేము అసలు రూపంలో ఉంది. ఇద్దరం కూర్చున్నాం. కాసేపటికి వాడే అన్నాడు: "అన్నయ్యా, ఇది తొందరతొందరగా పోతోందేమిటి?" నిజమే. పాట హడావిడిగా ఉంది. మారియోను ఎవరో వెనక నుంచి తోస్తున్నట్టుంది. పక్క గదిలో డబ్బా టీవీలో మన నకలు యంత్రం పెట్టి విన్నాం. స్వరం అదే, తాళం మాత్రం నెమ్మది.

కారణం కరెంటులోనూ లేదు, క్యాసెట్‌లోనూ లేదు. జపాన్, అమెరికా టీవీలు సెకనుకు 60 సార్లు తెరను గీసేవి. పాల్ (PAL) అనే ప్రసార పద్ధతిలో నడిచే మన టీవీలు 50 సార్లు గీసేవి. ఈ గేము తెర గీసిన ప్రతిసారీ ఒక అడుగు ముందుకు జరుగుతుంది, పాట కూడా ఆ లెక్క ప్రకారమే నడుస్తుంది. మన దేశంలో అమ్మిన నకలు యంత్రాలను మన టీవీలకు తగ్గట్టు 50కి మార్చారు, క్యాసెట్‌లోని ప్రోగ్రాము మాత్రం 60కి రాసినదే. యూరప్‌లో నింటెండో అధికారికంగా అమ్మిన మారియోలో ఈ తేడాకు తగినట్టు వేగం సరిచేశారు. మా వీధికి వచ్చినవన్నీ నకళ్లు, వాటిని సరిచేసే నాథుడు ఎవరున్నారు? కాబట్టి జపాన్ పిల్లలు 5 నిమిషాలలో ముగించిన ఆట మనకు 6 నిమిషాలు పట్టేది. మా వీధి పిల్లలందరం ఆరో వంతు నెమ్మదిగా పరిగెత్తే మారియోతో పెరిగాం.

ఇది తెలిశాక పైన నేను చేసిన పొగడ్తను కొంచెం సవరించుకోవాలి. పట్టు చక్కగా కుదిరిందని నేను మెచ్చుకున్న దూకడం, మియమోటో బృందం కుదిర్చిన దూకడం కాదు. దానికన్నా తీరుబడిగా సాగేది, తప్పును దిద్దుకోవడానికి మరికాస్త వ్యవధి ఇచ్చేది. అసలు వేగంలో మారియో ఇంకా చురుగ్గా ఉంటాడు. నేల మీద దిగాక జారడం కూడా చులాగ్గా అనిపిస్తుంది. న్యాయంగా చూస్తే అదే మేలైన గేము. అయినా ఖాళీ దొరికితే నేను డబ్బా టీవీ దగ్గరికే వెళ్తాను, నా వేలికి అలవాటైన తాళం అదే. జ్ఞాపకాలతో పని లేదని మొదట్లో అన్న మాటను వేగం విషయంలో పక్కన పెట్టక తప్పదు.

మా అమ్మాయికి అటువంటి అలవాటేమీ లేదు కాబట్టి దాని తీర్పు నాకు ముఖ్యం. ఏమీ చెప్పకుండా జాయ్‌స్టిక్ చేతికిచ్చాను. మొదటి పుట్టగొడుగు భూతం తగిలి చచ్చింది. రెండోసారి దాని మీద నుంచి దూకింది, తల ప్రశ్నార్థకం ఉన్న గడికి తగిలింది, మంచి పుట్టగొడుగు బయటికొచ్చి కుడివైపు పైపుకు కొట్టుకుని దాని మీదకే తిరిగొచ్చింది. ఇదీ శత్రువే అనుకుని తప్పించుకోబోయింది, పైన ఇటుకలు అడ్డొచ్చి కుదరలేదు. మారియో పెద్దవాడయ్యాడు. "నాన్నా, ఇది మంచిదా!" అని అరిచింది. ఇది మియమోటో కావాలని పెట్టిన అమరిక. చదవాల్సిన సూచన ఒక్కటీ లేదు, అయినా మొదటి నిమిషంలోనే పాఠం వచ్చేసింది. కొత్త గేములలో బాణం గుర్తులూ వివరణలూ అయ్యేదాకా ఆగలేక ఫోను పక్కన పడేసే పిల్ల ఇది.

అదే పిల్ల నాలుగో వరల్డ్‌లో ప్రాణాలన్నీ అయిపోయి మొదటికి వచ్చినప్పుడు ఏడ్చినంత పనిచేసింది. అది గేము లోపమే, నేను వెనకేసుకు రాను. ఎక్కడిదాకా వచ్చామో దాచుకునే వీలు ఇందులో లేదు. ఒక్క చిట్కా మాత్రం ఉంది: గేమ్ ఓవర్ అయ్యాక మొదటి తెర మీద ఎ బటన్ నొక్కి పట్టుకుని స్టార్ట్ నొక్కితే, ఓడిపోయిన వరల్డ్ మొదటి స్టేజీ నుంచి ఆడుకోవచ్చు. చిన్నప్పుడు మాకు ఇది చెప్పినవాళ్లే లేరు. తమ్ముడి స్విచ్‌లో వెనక్కి తిప్పుకునే సదుపాయం కూడా ఉంది, మా అమ్మాయి దాన్ని వదలదు. అది వాడితే ఒక్క ఇటుక మీద దిగడంలోని ఉత్కంఠ కొంత పోతుంది, కానీ పదేళ్ల పిల్ల గేము చివరిదాకా చూడాలంటే అదే దారి.

మిగతా పాతవాటి మాట రెండు ముక్కలు. ట్యాంకుల గేము, అంటే బ్యాటిల్ సిటీ, ఇద్దరు ఆడితే ఇప్పటికీ బాగుంటుంది, పైగా దానికి టీవీ ఆలస్యం అంతగా అడ్డు రాదు. కాంట్రాలో జలపాతం స్టేజీ దగ్గర పైకి తొందరపడి ఎక్కినవాడి వల్ల తెర జరిగి కిందివాడు చచ్చిపోతాడు. అన్నదమ్ముల మధ్య ఆ గొడవ ఇప్పుడూ మొదలవుతుంది, అదే దాని సరదా. ఒంటరిగా ఆడే ఓపిక నాకు లేదు.

ఇక కొనాలా వద్దా అంటే, మీ ఇంట్లో పరిస్థితిని బట్టి చెప్పాలి. డబ్బా టీవీ పాడవకుండా మిగిలి ఉంటే, చిన్నప్పుడు ఇక్కడే ఆడి ఉంటే, మామూలు నకలు యంత్రం చాలు. జాయ్‌స్టిక్ బటన్ల కింది రబ్బరు త్వరగా అరిగిపోతుంది, అదనంగా ఇంకొకటి కొని పెట్టుకోండి. ఎల్‌ఈడీ టీవీ తప్ప ఇంకేమీ లేకపోతే ఆ యంత్రానికి డబ్బు పెట్టకండి. గేమ్ మోడ్ పెట్టి స్విచ్ లాంటి దానిలో ఆడుకోండి, కాస్త వేగంగా అనిపించినా వారం పది రోజుల్లో చేయి సర్దుకుంటుంది. ఈ గేము మునుపెన్నడూ ఆడనివాళ్లకు, పిల్లలకు రెండోదే మంచిది. మా డబ్బా టీవీలో ఈమధ్య ఒక మూల రంగు పచ్చగా తిరుగుతోంది, బాగుచేసే మెకానిక్ కోసం వెతుకుతున్నాను. మెకానిక్ దొరక్కపోతే నేనూ 60కి మారాల్సిందే.