ఆరేళ్ళు, డెబ్బై ట్రిప్పులు: ట్రైలర్ విప్పే సామాను మీద నా సమీక్ష

మా ఇంట్లో ట్రక్కు నడిపేది మా ఆయన, ట్రైలర్ విప్పేది నేను. 2019 వేసవిలో 26 అడుగుల ట్రావెల్ ట్రైలర్, అంటే ట్రక్కు వెనక తగిలించి లాగే చక్రాల ఇల్లు, కొన్నాం. టెక్సస్‌లో డాలస్ పక్కనే ఉంటాం కాబట్టి క్యాంపింగుకి ఎక్కువగా రే రాబర్ట్స్ లేక్‌కి, నాలుగు రోజులు సెలవు దొరికితే ఇంక్స్ లేక్‌కి వెళ్తుంటాం. లెక్క రాసుకోలేదు గానీ డెబ్బై సార్లకు తక్కువ కాకుండా తగిలించి, విప్పి ఉంటాను.

కొనే ముందు అందరూ లాగడం గురించే భయపెట్టారు. గాలికి ఊగుతుందన్నారు, పక్కన పెద్ద లారీ వెళ్తే గుంజేస్తుందన్నారు. నిజమే, కానీ దానికి ఒక పూటలో అలవాటు పడ్డాం. నాకు ఇప్పటికీ గుండె దడ పుట్టేది బండి ఆగాకే. రోడ్డు మీద ఉన్నంతసేపూ ట్రక్కు దాన్ని పట్టుకుని ఉంటుంది. విప్పిన క్షణం నుంచి 2,800 కిలోల ఇల్లు ఇటు చక్రాల మీద, అటు ముందున్న జాక్ అనే ఒక్క ఇనుప కాలి మీద నిలబడాలి. మన కారుకున్నట్టు చేత్తో లాగే పార్కింగ్ బ్రేకు మా ట్రైలర్‌కి లేదు.

మొదట, చక్రాలు దొర్లకుండా వాటి కింద అడ్డం పెట్టే చాకుల సంగతి. వీల్ చాక్స్ అని అమ్ముతారు, మా ఇంట్లో అవి చాకులైపోయాయి. మా అత్తగారు ఒంగోలు నుంచి వచ్చినప్పుడు మా ఆయన సీట్లోంచి “చాకులు పెట్టావా?” అని అరిస్తే, ఆవిడ పాపం లోపల వెతికి కూరగాయల చాకు తెచ్చి నా చేతికిచ్చారు.

మొదట్లో మా దగ్గరున్నవి బోలు ప్లాస్టిక్ చాకులు. ట్రైలర్‌తో పాటు వచ్చిన కిట్‌లోవి, బరువే లేవు. 2020 అక్టోబరులో ఇంక్స్ లేక్ చేరేసరికి చీకటి పడింది, పైన చినుకులు. అక్కడి నేల గులాబి రంగు రాయి, దాని మీద సన్న కంకర. మా సైటు వెనక్కి, చెరువు వైపు కొంచెం వాలుగా ఉంది. పిల్లలు ఆకలని గోల. నేను ఒక పక్క చక్రాలకే చాకులు పెట్టి, అవి టైరుకి ఆనాయో లేదో చూడకుండా జాక్ ఎత్తేశాను. ట్రైలర్ ముక్కున ఉండే కప్లర్ అనే పట్టు, ట్రక్కు వెనకున్న ఇనుప గుండు (బాల్) మీంచి లేచీ లేవగానే టక్కుమని చప్పుడు. ట్రైలర్ వెనక్కి జారింది. ప్లాస్టిక్ చాకులు కంకర మీద దానితో పాటే బరబరా జారాయి, జాక్ పాదం కింద వేసిన చెక్క మీంచి పక్కకి దిగిపోయింది. జానెడు దూరం పోయి ఆగింది. ఎందుకు ఆగిందంటే ట్రైలర్‌ని ట్రక్కుకి కట్టే సేఫ్టీ గొలుసులు నేనింకా విప్పలేదు. తెలివితో కాదు, చేతులు తడిగా ఉండి తర్వాత విప్పుదాంలే అనుకున్నాను. టార్చి వేసి చూస్తే జాక్ పాదానికీ నా చెప్పుకీ మధ్య బెత్తెడు దూరం. ఆ రాత్రి అన్నం వండలేదు, బ్రెడ్డు తిని పడుకున్నాం.

ఇంటికి రాగానే గట్టి రబ్బరు చాకులు నాలుగు కొన్నాను. ఒక్కొక్కటీ ఎత్తితే బరువు తెలుస్తుంది. రెండు పక్కలా, చక్రానికి ముందొకటి వెనకొకటి పెట్టి, కాలితో తన్ని బిగిస్తాను. నా సామానంతటిలో వీటికే అయిదుకి అయిదు. కొన్నవాటిలో అన్నిటికన్నా చవక కూడా ఇవే.

రెండు టైర్ల మధ్య దూర్చి రాట్చెట్‌తో బిగించే ఎక్స్-చాక్ కూడా ఉంది మాకు. లోపల నడుస్తుంటే ఇల్లు ఊగడం బాగా తగ్గింది, మా అత్తగారి చాయ్ కూడా ఒలకడం మానేసింది. కానీ రాత్రి చల్లబడి టైర్లు కాస్త కుంచించుకుంటే అది వదులవుతుంది, పొద్దున్నే మళ్ళీ తిప్పి బిగించాలి. అది ఉంది కదా అని నేల మీది చాకులు మానొద్దు. అయిదుకి మూడున్నర.

చాకులకన్నా ముందు పని ఒకటుంది, కొత్తవాళ్ళు తరచూ మర్చిపోయేది. కుడి ఎడమల ఎత్తుపల్లాలు ట్రక్కు తగిలి ఉండగానే సరిచూసుకోవాలి. పల్లంలో ఉన్న చక్రాల కింద పలకలు వేసి ట్రైలర్‌ని వాటి మీదికి ఎక్కించుకోవాలి. ముందువెనకలు తర్వాత జాక్‌తో సర్దుకోవచ్చు. మూలల్లో ఉండే స్టెబిలైజర్లు ఊగకుండా పట్టుకోవడానికే, వాటితో బండిని ఎత్తబోతే వంగిపోతాయి.

ఇక బరువు పంచే హిచ్, అంటే ట్రైలర్‌ని ట్రక్కుకి తగిలించే సామాను. ట్రక్ స్టాప్‌లో లారీలు తూచే క్యాట్ స్కేల్ మీద తూయిస్తే మా ట్రైలర్ మొత్తం 6,300 పౌండ్లు వచ్చింది, అందులో బాల్ మీద పడేది 800. అంటే దాదాపు 13 శాతం. పది నుంచి పదిహేను మధ్య ఉండాలంటారు, సరిపోయింది. ఆ బరువులో కొంత ట్రక్కు ముందు చక్రాలకి పంచేవి స్ప్రింగ్ బార్లనే ఇనుప కడ్డీలు. రోడ్డు మీద అద్భుతం. విప్పేటప్పుడు మాత్రం బిగించిన విల్లులా ఉంటాయి. మొదటి ఏడాది నేను వాటిని కంపెనీ ఇచ్చిన గొట్టంతో బలవంతంగా లాగేదాన్ని. ఒకసారి గొట్టం జారి మోకాలి కింద ఎముకకి తగిలింది, ఆ మచ్చ ఇంకా ఉంది.

ఇప్పుడు బలమంతా జాక్‌కే వదిలేస్తాను. కప్లర్ లాక్ తియ్యకుండానే జాక్ ఎత్తుతాను. ట్రక్కు వెనక భాగం కూడా లేస్తుంది, బార్ల బిగువు పోతుంది, అవి చేతికే వచ్చేస్తాయి. అప్పుడు మళ్ళీ కిందికి దింపి, లాక్ తీసి, రెండోసారి ఎత్తుతాను. ఒక్క హెచ్చరిక. ట్రక్కు వెనక చక్రాలు నేల వదిలేంత ఎత్తకండి. మా ట్రక్కులో పార్క్ గేరూ పార్కింగ్ బ్రేకూ రెండూ పట్టుకునేది ఆ వెనక చక్రాలనే. అవి గాల్లో ఉంటే బ్రేకు వేసీ వేయనట్టే. ఇదంతా అయ్యేదాకా ట్రక్కు తాళం నా జేబులో ఉంటుంది.

జాక్ 3,500 పౌండ్లు ఎత్తే కరెంటుది, బటన్ నొక్కితే చాలు. మూడో ఏడాది స్విచ్‌లోకి వాన నీళ్ళు దిగి మూగబోయింది. కంపెనీ పేరు చెప్పను, ఫోన్లో గంటసేపు మ్యూజిక్ వినిపించి వారంటీ అయిపోయిందన్నారు. హ్యాండిల్‌తో తిప్పాను. ఎన్ని చుట్లో లెక్కపెట్టడం వందలో ఆపేశాను. అప్పటి నుంచి దాని తలకి రెయిన్‌కోటులాంటి తొడుగు, బ్యాటరీ పెట్టెలో 30 ఆంపుల ఫ్యూజు అదనంగా ఒకటి, హ్యాండిల్ చేతికందే చోట. నడిచినప్పుడు అయిదు, ఆగినప్పుడు సున్నా, మధ్యస్థంగా నాలుగు వేస్తున్నాను.

కప్లర్ ఒక్కోసారి లాక్ తీసినా బాల్‌ని వదలదు. సుత్తి తియ్యకండి. ట్రక్కు దాన్ని ముందుకో వెనక్కో నొక్కుతోందని అర్థం.

“ఏమండీ, కొంచెం వెనక్కి.”

“ఎంత?”

“బెత్తెడు.”

మా ఇద్దరి కొలతలు ఇవే: వేలెడు, బెత్తెడు, జానెడు, మూర. అంగుళాలంటే ఎవరి అంగుళం వాళ్ళది. నేను పక్కకి జరిగి నిలబడ్డాకే ఆయన బ్రేకు వదులుతారు. ఆ బెత్తెడు కదిలి, మళ్ళీ బ్రేకు వేసి, తాళం నాకిస్తే కప్లర్ దానంతటదే వదిలేస్తుంది.

గొలుసులు అన్నిటికన్నా చివర. కప్లర్ పైకి లేచాక ఒక నిమిషం ఊరికే చూస్తూ నిలబడి, కదలడం లేదని తేలాకే వాటి మీద చెయ్యి వేస్తాను. వాటితో పాటే ట్రక్కు నుంచి ట్రైలర్‌కి కరెంటిచ్చే సెవెన్ పిన్ ప్లగ్గు, దారిలో ట్రైలర్ ఊడిపోతే పిన్ను లాగి దాని బ్రేకులు పట్టించే బ్రేక్‌అవే తీగ. ఈ తీగ ఒకసారి మర్చిపోయి మా ఆయన్ని పొమ్మన్నాను. పిన్ను ఊడొచ్చింది, ట్రైలర్ బ్రేకులు పట్టేశాయి. వెంటనే పిన్ను తిరిగి గుచ్చాను కాబట్టి సరిపోయింది. మా పక్క సైటాయన ఒకరు అదే పార్కింగ్ బ్రేకనుకుని రాత్రంతా పిన్ను లాగి ఉంచారు. అది బ్యాటరీ మీద నడిచే బ్రేకు, తెల్లారేసరికి లైట్లు కూడా వెలగలేదు.

జాక్ కింద వేసే చెక్క గురించి ఎవరూ సమీక్షలు రాయరు. మాది రెండు పలకలు కలిపి బిగించిన పాత టింబర్ ముక్క, పైసా ఖర్చు కాలేదు. టెక్సస్ ఆగస్టు ఎండలో తారు మెత్తబడి జాక్ పాదం దిగబడకుండా ఆరేళ్ళు కాపాడింది. ఇప్పుడు దాని నడుమ పాదం ఆకారంలో గుంట పడింది, ఒక అంచు చీలుతోంది. వచ్చే ట్రిప్పుకి కొత్తది కోయించాలి.