డంపు మట్టి: కప్పేయడం మేలా, తవ్వి తీయడం మేలా?

కర్నూలు చెత్త ఏళ్ల తరబడి గార్గేయపురం డంపుకు చేరింది. రాయలసీమలో ఏ పట్టణానికి పోయినా శివార్లలో ఇలాంటి దిబ్బ ఒకటి కనిపిస్తుంది. వీటిని ఏం చేయాలన్న మాట వచ్చినప్పుడల్లా జనం రెండుగా చీలిపోతారు. పైన మంచి మట్టి పోసి కప్పేసి పార్కు చేద్దామని కొందరంటారు. మొత్తం తవ్వి, జల్లెడ పట్టి, స్థలం ఖాళీ చేద్దామని ఇంకొందరంటారు.

నా అభిప్రాయం ముందే చెప్తాను. ఊరి చెత్త పడిన డంపు అయితే తవ్వడమే మేలు. ఫ్యాక్టరీ రసాయనాలు ఇంకిన నేల అయితే చాలాసార్లు కప్పడమే దారి. వాగు అడుగున పేరుకున్న బురదకు మాత్రం లెక్క వేరు. మూడింట్లో ఏది చేసినా, తీసిన మట్టి చివరికి ఎవరి పొలంలో పడుతుందో తేల్చుకున్నాకే జేసీబీ దిగాలి.

పద్ధతుల సంగతికి ముందు చట్టం చూడాలి. ఖర్చు ఎవరు పెట్టుకోవాలో అక్కడే తేలుతుంది. ఊరి చెత్త డంపులకు 2026 మార్చి దాకా అమల్లో ఉన్న 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలు ఒక వరుస పెట్టాయి. మున్సిపాలిటీ తన పాత డంపును ముందు బయోమైనింగ్‌కు, అంటే తవ్వి వేరుచేయడానికి, పనికొస్తుందేమో పరిశీలించాలి. వీలైతే అదే చేయాలి. వీలుకాకపోతేనే శాస్త్రీయంగా కప్పాలి. అంటే ఆ నిబంధనల్లో కప్పడం రెండో మెట్టు. ఈ సంగతి చాలామంది కౌన్సిలర్లకు కూడా తెలియదు.

రసాయనాలతో చెడిన నేలలకు 2025 జులైలో కేంద్రం వేరే నియమాలు తెచ్చింది. వాటి ప్రకారం అనుమానం ఉన్న స్థలాల గురించి జిల్లా యంత్రాంగం ఆరు నెలలకోసారి నివేదిక ఇవ్వాలి. కాలుష్య నియంత్రణ మండలి గానీ, నియమించిన నిపుణ సంస్థ గానీ 90 రోజుల్లో ప్రాథమిక పరిశీలన చేయాలి. తర్వాత ఇంకో మూడు నెలల్లో లోతైన సర్వే జరగాలి. అందులో కాలుష్యం హద్దు దాటినట్టు తేలితే ఆ స్థలం ఎక్కడుందో అందరికీ తెలిసేలా ప్రకటించి, లోపలికి ఎవరినీ పోనివ్వకూడదు. నేలను చెడగొట్టినవాళ్లెవరో మండలి 90 రోజుల్లో తేల్చాలి, శుభ్రం చేసే ఖర్చు వాళ్లే భరించాలి. వాళ్లు దొరక్కపోతే కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు పెట్టుకోవాలి.

ఈ నియమాల పరిధి మాత్రం తక్కువ. రేడియోధార్మిక వ్యర్థాలు, గనుల తవ్వకాలు, చెత్త డంపులు మామూలుగా వీటి కిందికి రావు. ఉమ్మడి కడప జిల్లాకు ఇది పెద్ద లోటు. తుమ్మలపల్లె యురేనియం వ్యర్థాల చెరువు, మంగంపేట బెరైటీస్ (ముగ్గురాయి) గని దిబ్బలు వేరే చట్టాల కిందే ఉంటాయి. డంపులో కలిసిన రసాయనం నియమాల్లో చెప్పిన హద్దు దాటితే మాత్రం ఇవే నియమాలు వర్తించే వీలుంది. ఆ వీలు కావాలంటే చేతిలో మట్టి పరీక్ష రిపోర్టు ఉండాలి.

ఇక కప్పడం సంగతి. ప్రపంచ బ్యాంకు సాయంతో 2010లో మొదలైన కాలుష్య నివారణ ప్రాజెక్టులో కడప మున్సిపల్ డంపును కూడా ఎంచుకున్నారు కాబట్టి ఇది సీమకు కొత్త ఆలోచనేమీ కాదు. సరిగ్గా కప్పడమంటే రెండు ట్రాక్టర్ల ఎర్రమట్టి తోలి చదును చేయడం అనుకోకండి. 2016 నిబంధనల ప్రకారం చెత్త మీద 60 సెంటీమీటర్ల బంకమట్టి పొర, దాని మీద నీళ్లు పక్కకు జారడానికి 15 సెంటీమీటర్ల పొర, ఆపైన మొక్కలు పెరిగే మట్టి 45 సెంటీమీటర్లు వేయాలి. లోపల పుట్టే గ్యాస్ బయటికి పోవడానికి గొట్టాలు పెట్టాలి. పని అయ్యాక కనీసం 15 ఏళ్లు ఆ స్థలాన్ని, కింది నీళ్లను కనిపెట్టి చూస్తుండాలి.

ఇందులో మంచి ఉంది. పని తొందరగా అయిపోతుంది, పొగ ఆగుతుంది, ఈగలు తగ్గుతాయి, తవ్వేటప్పుడు లేచే దుమ్ము, కంపు ఉండవు. కానీ మన నేలలో రెండు చిక్కులున్నాయి. కర్నూలు, నంద్యాల వైపు సులువుగా దొరికే బంకమట్టి నల్లరేగడి. అది వానకు ఉబ్బి ఎండకు నెర్రెలిస్తుంది. ఏప్రిల్‌లో చెయ్యి దూరేంత నెర్రెలు పడిన రేగడిని కప్పుగా వేస్తే, జూన్ వాన నేరుగా చెత్తలోకి దిగుతుంది. పైన మట్టి పొర మందంగా ఉండి తేమ నిలుపుకోవాలి, లేదంటే మధ్యలో ప్లాస్టిక్ షీటు పరవాలి. రెండో చిక్కు అడుగుది. పాత డంపుల కింద ఏ పొరా వేయలేదు. కప్పు పైనుంచి వచ్చే వానను ఆపుతుంది గానీ, పక్కల నుంచి వచ్చే నీటిని ఆపలేదు. సున్నపురాయి, నాపరాయి ఉన్నచోట పగుళ్ల గుండా నీళ్లు ఎంత దూరమైనా పోతాయి. బెలుం గుహలు మూడు కిలోమీటర్లకు పైగా సాగాయంటే సున్నపురాయిలో నీళ్లు చేసిన పనే కదా. అలాంటి రాయి మీదున్న డంపును కప్పేసి ఊపిరి పీల్చుకుంటే కింది బోర్ల వాళ్లకు న్యాయం జరగదు.

అందుకే ఊరి డంపు విషయంలో నేను తవ్వకం వైపు మొగ్గుతాను. బయోమైనింగ్‌లో పాత చెత్తను పొడవాటి కుప్పలుగా పోసి, సూక్ష్మజీవుల ద్రావణం చల్లి, తిరగేస్తూ ఆరబెడతారు. తర్వాత పెద్ద జల్లెడ యంత్రాల్లో వేస్తే సన్నమట్టి, రాళ్లూ ఇటుక ముక్కలూ, ప్లాస్టిక్కూ గుడ్డపేలికలూ వేర్వేరుగా వస్తాయి. చెత్త తడిగా ఉంటే జల్లెడ పనిచేయదు. వాన తక్కువ పడే సీమకు ఇక్కడ కలిసొస్తుంది. అనంతపురంలో ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానే పడుతుంది. సంక్రాంతి దాటాక మే చివరి దాకా ఆటంకం లేకుండా పని చేసుకోవచ్చు.

ఇంకో సౌకర్యం సిమెంటు ఫ్యాక్టరీలు. ప్లాస్టిక్, గుడ్డలు వాటి బట్టీల్లో ఇంధనంగా పనికొస్తాయి. చెత్త ఇంధనం తయారయ్యే చోటికి 100 కిలోమీటర్ల లోపు ఉన్న పరిశ్రమలు తమ ఇంధనంలో కనీసం 5 శాతం దాన్ని వాడాలని 2016 నిబంధనలు చెప్పాయి. ఎర్రగుంట్ల, తాడిపత్రి, నంద్యాల వైపు ఇన్ని సిమెంటు బట్టీలు పెట్టుకుని, ఈ సరుకును ఎక్కడికో పంపాల్సిన పని లేదు. కప్పేస్తే ఆ స్థలం ఎన్నేళ్లయినా మోయాల్సిన బరువే. తవ్వితే ఖాళీ నేల తిరిగొస్తుంది.

నాకు టెన్షన్ పెట్టేది మాత్రం ఆ సన్నమట్టి. నల్లగా, మెత్తగా, పేడ ఎరువులాగే కనిపిస్తుంది. ఊరికే ఇస్తామంటే రైతు ట్రాక్టర్ కట్టుకుని వస్తాడు. కానీ అందులో ముప్పై నలభై ఏళ్ల బ్యాటరీలు, ట్యూబులైట్లు, పెయింటు డబ్బాలు అన్నీ కలిసిపోయి ఉంటాయి. గాజు పెంకులు, ప్లాస్టిక్ పొడి సరేసరి. 2016 నిబంధనల్లో కంపోస్టుకు పెట్టిన హద్దులు చూడండి: కిలోకు సీసం 100 మిల్లీగ్రాములు, క్రోమియం 50, నికెల్ 50, కాడ్మియం 5, ఆర్సెనిక్ 10, పాదరసం 0.15. పొలానికి పోయే డంపు మట్టికి కనీసం ఈ హద్దులైనా పెట్టాలి. ఒక్క గుప్పెడు తెచ్చి పరీక్ష చేస్తే చాలదు, కుప్ప కుప్పకూ చేయాలి. ఉప్పు శాతం కూడా చూడాలి. కోస్తాలో వానలకు ఉప్పు కిందికి కడుక్కుపోతుంది. మన దగ్గర అది పైనే నిలిచి, మంచి చేను రెండు మూడేళ్లలో చౌడు తేలుతుంది. పరీక్ష నెగ్గని మట్టిని రోడ్డు కట్టల్లోనో, కొత్త ల్యాండ్‌ఫిల్‌లో, అంటే చెత్త పూడ్చే చోట, రోజువారీ పైపొరగానో వాడాలి. వేరుశనగ చేలోకి మాత్రం పోకూడదు.

రసాయనాలు ఇంకిన నేలకు వచ్చేసరికి లెక్క తిరగబడుతుంది. ఎకరం నేలను ఒక మీటరు లోతు తవ్వితే సుమారు 4,000 ఘనపు మీటర్ల మట్టి లేస్తుంది. అది 6,000 టన్నులకు పైమాటే. 20 టన్నుల టిప్పరు కనీసం 300 ట్రిప్పులు తిరగాలి. ప్రమాదకర వ్యర్థాల కేంద్రం ఒకటి విశాఖ దగ్గర పరవాడలో, ఒకటి హైదరాబాద్ పక్కన దుండిగల్‌లో ఉన్నాయి. పక్క రాష్ట్రంలో పూడ్చాలంటే రెండు రాష్ట్రాల కాలుష్య మండళ్ల అనుమతీ కావాలి. 1984లో విషవాయువు లీకైన భోపాల్ ఫ్యాక్టరీ ఆవరణలో మిగిలిన 337 టన్నుల వ్యర్థాలు వాటిని కాల్చే కేంద్రం ఉన్న పీథంపూర్ చేరడానికే 2025 జనవరి దాకా, అంటే 40 ఏళ్లు పట్టింది. మనకు దగ్గర్లోనే, తమిళనాడులో ఉన్న రాణిపేటలో మూతపడిన క్రోమేట్ ఫ్యాక్టరీ వదిలిన వ్యర్థాలు లక్ష టన్నులకు పైనే. అంత సరుకును లారీల్లో పంపుతామనడం మాటల వరకే.

కాబట్టి బాగా చెడిన చోటు మాత్రం తవ్వి పంపాలి, మిగతాది అక్కడే కట్టడి చేసి కప్పాలి. ఏ విషం ఉందో కూడా చూడాలి. మన నల్లరేగడి క్షారగుణం ఉన్న నేల. సీసం అందులో గట్టిగా పట్టుకుని ఉంటుంది, పెద్దగా కదలదు. అలాంటిచోట కప్పడం నిజంగానే పనిచేస్తుంది. ఆరు వాలెన్సీ క్రోమియం (క్రోమియంలో బాగా విషమైన రూపం), ఆర్సెనిక్ అలా కాదు. క్షార నేలలో అవి నీళ్లతో పాటే నడుస్తాయి. క్రోమియాన్ని ముందు ఫెర్రస్ సల్ఫేట్ లాంటి వాటితో కదలని రూపంలోకి మార్చాకే కప్పాలి. మొక్కలు నాటి విషాన్ని పీల్పిద్దామనే మాట వినడానికి బాగుంటుంది. పైపైన కొద్దిగా చెడిన అంచుల్లో ఆముదం లాంటివి వేయొచ్చు గానీ దానికి ఎన్నో ఏళ్లు పడుతుంది. అప్పటిదాకా మేకలు మేయకుండా కంచె ఎవరు కాస్తారో కూడా చెప్పాలి.

ఇక హంద్రీ నది. ఊరి మురుగంతా మోసుకుని కర్నూలులో తుంగభద్రలో కలుస్తుంది. నదుల అడుగు బురదను కదిలించకుండా వదిలేస్తే కొత్త ఒండ్రు మీద పడి అదే పూడిపోతుందని ఒక వాదన ఉంది. నిలకడ నీళ్లున్న చెరువులో అది కొంతవరకు నిజం. హంద్రీ ఎండాకాలంలో ఎండుతుంది, వరదొస్తే అడుగు మొత్తం ఊడ్చుకుపోతుంది. 2009 అక్టోబరు వరదల్లో నది అడుగున ఉండాల్సిన బురద ఇళ్లల్లోకి వచ్చిన సంగతి కర్నూలు వాళ్లకు చెప్పక్కర్లేదు. ఇక్కడ వదిలేయడం గానీ, అడుగున కప్పు వేయడం గానీ నిలవవు, తీయాల్సిందే. తీసిన బురదను గట్టు మీద పోసి వదిలేస్తే గాలి తగిలి, అందులో గంధకంతో బిగుసుకుని ఉన్న లోహాలు విడివడతాయి. షీటు పరిచిన మళ్లలో ఆరబెట్టాలి, కారే నీటిని పట్టాలి, పరీక్ష చేశాకే ఎక్కడికైనా తోలాలి. చెరువు పూడిక పొలానికి తోలుకోవడం సీమ రైతుకు తాతల నాటి అలవాటు, మంచి అలవాటు కూడా. వాన నీళ్లు తప్ప మరేమీ చేరని చెరువుకు దాన్ని హాయిగా కొనసాగించవచ్చు. మురుగు కలిసే చెరువుకు ముందు ల్యాబ్ రిపోర్టు కావాలి.

మీ ఊరి పక్కన ఇలాంటి స్థలం ఉంటే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇవ్వండి. సర్వే నంబరు, అక్కడ ఏం పడిందో మీకు తెలిసినంత రాయండి. దాన్ని ఆరు నెలల నివేదికలో చేర్చమని అడగండి. మున్సిపాలిటీ డంపు అయితే, సన్నమట్టి ఎక్కడికి పోతోందో, ఏ కుప్పకు ఏ రిపోర్టు వచ్చిందో రాతపూర్వకంగా అడగండి. కప్పుతామంటే 15 ఏళ్ల పర్యవేక్షణ ఎవరి పేరున ఉందో, దానికి డబ్బు ఏ పద్దులో పెట్టారో అడగండి. పని మొదలవకముందే చుట్టుపక్కల బోర్ల నీళ్లు పరీక్ష చేయించి ఆ రిపోర్టు పంచాయతీలో పెట్టించండి. ఆ తర్వాత ఏటా వానలకు ముందూ వెనకా వచ్చే రిపోర్టులను పోల్చుకోవడానికి అదొక్కటే ఆధారం.