సర్టిఫికెట్లన్నీ ఉన్న స్కిన్ క్లినిక్‌లో యూవీ మీటర్ లేదు

బొల్లి మచ్చలకు లైట్ (యూవీ, అంటే అతినీలలోహిత కిరణాల చికిత్స) పెట్టించుకోవడానికి రెండేళ్లకు పైగా ఈ క్లినిక్‌కే వెళ్తున్నాను. హైదరాబాద్‌లో మా ఇంటికి దగ్గర్లోని ప్రైవేటు క్లినిక్, పేరు రాయను. ఫీజు, పార్కింగ్, వెయిటింగ్ గురించి చాలామంది చెప్పారు కాబట్టి వాటి జోలికి పోను. చుట్టూ యూవీ ట్యూబులుండే పెట్టె లాంటి చాంబర్‌లో నిలబడ్డ మనిషి మీద యూవీ ఎంత పడుతోందో ఇక్కడ ఎవరూ కొలవడం లేదు. నా బాధంతా దాని గురించే.

మొదట్లో ఈ క్లినిక్‌ని తెలిసినవాళ్లందరికీ చెప్పేదాన్ని, ముఖ్యంగా డోస్ కార్డు చూసి. ప్రతి పేషెంట్‌కీ ఒక అట్ట కార్డు ఉంటుంది. తేదీ, డోసు, కిందటిసారి ఒళ్లు ఎర్రబడిందా, ఎంతసేపు ఉంది, అన్నీ సిస్టర్ అడిగి రాస్తుంది. నాకు 200 మిల్లీజౌల్స్‌తో (చర్మం మీద పడే యూవీని లెక్కించే కొలత) మొదలుపెట్టి కొద్దికొద్దిగా పెంచుకుంటూ వెళ్లారు. పండక్కి ఊరెళ్లి గ్యాప్ వస్తే డోసు తగ్గించేవాళ్లు. నల్ల కళ్లద్దాలు పెట్టుకుంటే గానీ సిస్టర్ స్విచ్ వేసేది కాదు. డాక్సీసైక్లిన్ లాంటి మాత్రలు వాడుతున్నామా అని కూడా అడిగేది, వాటితో చర్మం తొందరగా కాలుతుంది కనుక.

కిందటి ఎండాకాలంలో చాంబర్ ట్యూబులు మార్చారు. నాకు అప్పటికి నడుస్తున్న డోసు 900. టైమర్ మీద ఎప్పటిలాగే మూడు నిమిషాలు పెట్టారు. లోపల వెలుగు, వేడి ఎక్కువగా అనిపించి బయటికొచ్చాక అడిగాను. "కొత్త ట్యూబులు కదా మేడమ్, బాగా పనిచేస్తాయి" అంది సిస్టర్. సాయంత్రానికి ఒళ్లంతా చురచురమంది. రాత్రికి మెడ, వీపు కందిపోయాయి. తెల్లారేసరికి మెడ కింద, సరిగ్గా రంగు లేని మచ్చ మీద, నీటి బుడగలు లేచాయి. జాకెట్ అంచు తగిలితే ప్రాణం విలవిల్లాడింది.

డాక్టర్ గారు వెంటనే చూశారు. లైట్ ఆపేసి, క్రీమ్ రాసిచ్చి, ఫీజు తీసుకోలేదు. నాలుగైదు రోజుల్లో బుడగలు అణిగాయి, మరక మిగల్లేదు. కానీ ఎందుకిలా అయిందని అడిగితే "కొందరి చర్మం సెన్సిటివ్‌గా ఉంటుందమ్మా" అన్నారు. నాకు కోపం వచ్చింది అక్కడే. అన్నాళ్లూ లేని సెన్సిటివిటీ ట్యూబులు మార్చిన రోజే ఎలా వస్తుంది?

లెక్క కష్టమైందేమీ కాదు. ట్యూబులు పాతబడేకొద్దీ యూవీ తగ్గుతుంది, కొత్తవి వేస్తే ఒక్కసారిగా పెరుగుతుంది. చదరపు సెంటీమీటరుకు సెకనుకు 5 మిల్లీజౌల్స్ వస్తుంటే 900కి మూడు నిమిషాలు సరిపోతాయి. అదే 7 వస్తుంటే, అదే మూడు నిమిషాల్లో 1260 పడుతుంది. అందుకే ట్యూబులు మార్చాక మీటర్‌తో కొలిచి, టైమ్ తగ్గించాలి. మా క్లినిక్ యంత్రానికి తెలిసింది టైమ్ ఒక్కటే. కార్డు మీద 900 అని ఎంత నీటుగా రాసినా, నిజంగా పడినది అంతేనని చెప్పే ఆధారం లేదు. పాత ట్యూబులతో నెలల తరబడి నాకు పడింది కార్డు మీద అంకె కంటే తక్కువే అయి ఉండాలి. చేతివేళ్ల మీద రంగు రాకపోవడానికి అదే కారణమని మాత్రం అనలేను, వేళ్ల మీద మచ్చలు ఎవరికైనా ఓ పట్టాన లొంగవు.

ఆ తర్వాత ఒకసారి క్లినిక్‌కి తనిఖీ వాళ్లు వచ్చినప్పుడు నేను హాల్లోనే ఉన్నాను. గోడ మీది రిజిస్ట్రేషన్, డాక్టర్ గారి మెడికల్ కౌన్సిల్ నంబరు, తెలుగు, ఇంగ్లిష్ రేట్ల బోర్డు, ఆస్పత్రి చెత్త వేసే పసుపు, ఎరుపు బకెట్లు, వాడిన సూదులు పడేసే తెల్ల డబ్బా చూశారు. అవన్నీ చూడాల్సినవే, ఇక్కడ అవన్నీ పద్ధతిగానే ఉంటాయి కూడా. కానీ చాంబర్ గది తలుపు ఎవరూ తీయలేదు. పేషెంట్ ఒళ్లు కాలే అవకాశం ఉన్న గది అదే కదా!

నేను రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చాక కంపెనీ ఇంజనీర్‌ని పిలిపించి కొలిపించారు. యంత్రం పక్కన రీడింగ్, తేదీతో స్టిక్కర్ అంటించారు. నా టైమ్ కూడా తగ్గించారు. సంతోషమే. కానీ నెలలు గడుస్తున్నా ఆ స్టిక్కర్ మీద తేదీ అలాగే ఉంది.

అయినా ఇక్కడే కొనసాగుతున్నాను. ముఖం మీద రంగు చాలావరకు నిండింది, డాక్టర్ గారి వైద్యం మీద నాకు నమ్మకం ఉంది, వారానికి రెండుసార్లు ఆఫీసు ముగించుకుని దూరం వెళ్లడం నా వల్ల కాదు. మీకు నడిచి వెళ్లేంత దగ్గరైతే, అడిగి రాబట్టుకునే ఓపిక ఉంటే రావచ్చు. చిన్నపిల్లలకైతే నేను చెప్పను, ఎక్కువైందనిపించినా వాళ్లు చెప్పలేరు. వచ్చేవాళ్లు మొదటి రోజే చివరిసారి ఎప్పుడు కొలిచారు, రీడింగ్ ఎంత, ట్యూబులు ఎప్పుడు మార్చారు అని అడగండి. ఈసారి ట్యూబులు మారిస్తే కొత్త రీడింగ్ చూసేదాకా లోపలికి వెళ్లనని సిస్టర్‌కి ముందే చెప్పి ఉంచాను. కార్డు మీద కూడా ఆ మాట రాయించాను.