స్క్రాబుల్‌కు ఏ పదాలు ముందు నేర్వాలి: రెండక్షరాలవా, ఏడక్షరాలవా?

అక్షరాల బిళ్లలు (టైల్స్) బోర్డు మీద పేర్చి పదాలు కట్టే స్క్రాబుల్ ఆట కోసం ఇంగ్లీషు పదసంపద పెంచుకోవాలని నిఘంటువును మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టినవారికి నెల తిరక్కుండానే విసుగు పుడుతుంది. ఈ ఆటకు పనికొచ్చేవి అక్షరాల సంఖ్యను బట్టి విడదీసిన పట్టీలు. వాటిలో అసలు పోటీ రెండింటి మధ్యే: రెండక్షరాల పదాలన్నీ కంఠస్థం చేయడమా, లేక చేతిలోని ఏడు టైల్స్‌నూ ఒకేసారి దించి 50 పాయింట్ల బోనస్ తెచ్చే ఏడక్షరాల పదాలు నేర్చుకోవడమా? రోజుకు అరగంటకు మించి తీరిక లేని విద్యార్థికి నేను నిస్సందేహంగా మొదటిదే చెబుతాను.

స్క్రాబుల్‌లో చెల్లే పదాలను చూపే కాలిన్స్ పట్టీ 2019 కూర్పులో రెండక్షరాల పదాలు 127 మాత్రమే ఉండగా, ఏడక్షరాల పదాలు 30,000 పైచిలుకు ఉన్నాయి. మొదటి పట్టీ కొద్ది వారాల్లో పూర్తవుతుంది. రెండోదానికి అంతు కనిపించదు. అయితే శ్రమ తక్కువన్నది ఒక్కటే కారణం కాదు. బోర్డు మీద ఇప్పటికే ఉన్న ఒక పదం చివరి అక్షరం ‘ఈ’ అనుకుందాం. సరిగ్గా దాని కింద, అక్షరం విలువను మూడింతలు చేసే ట్రిపుల్ లెటర్ గడి ఖాళీగా ఉంది. ఆ గడిలో ‘ఎక్స్’, దాని కుడి పక్కన మామూలు గడిలో ‘ఐ’ పెడితే అడ్డంగా ఎక్స్–ఐ, నిలువుగా ఈ–ఎక్స్ ఏర్పడతాయి. ‘ఎక్స్’ విలువ 8. మూడింతలై 24 అవుతుంది, రెండు వైపులా లెక్కకు వస్తుంది. అంటే పదం ఒక్కొక్కటికి 25 చొప్పున రెండే రెండు టైల్స్‌తో 50 పాయింట్లు, ఏడక్షరాల పదానికిచ్చే బోనస్‌తో సమానం.

పైగా ఏడక్షరాల పదం తెలిసినంత మాత్రాన సరిపోదు, దానికి బోర్డు మీద చోటు దొరకాలి. ఆ చోటు చాలాసార్లు ఉన్న పదాన్ని ఆనుకుని, దానికి సమాంతరంగానే దొరుకుతుంది. అలా ఆనుకున్న చోటల్లా రెండక్షరాల పదాలు పుడతాయి, వాటిలో ఒక్కటి చెల్లకపోయినా మొత్తం ఎత్తు చెల్లదు. అందుచేత పెద్ద పదాలు నేర్చినవారికి కూడా చిన్న పట్టీ లేకుండా గడవదు.

ఏడక్షరాల పదాలను తక్కువ చేయాలని నా ఉద్దేశం కాదు. వాటి విషయంలో మన విద్యార్థులకు తెలియకుండానే ఒక అనుకూలత ఉంది. అమెరికన్ ఆర్కిటెక్ట్ ఆల్‌ఫ్రెడ్ బట్స్ 1930లలో ఈ ఆటను రూపొందించినప్పుడు వాడుకలో తరచుగా వచ్చే అక్షరాలకు ఎక్కువ టైల్స్ కేటాయించారు. ‘రెటీనా’ అనే పదంలోని ఆరు అక్షరాలనే తీసుకుంటే, 100 టైల్స్‌లో 48 ఆ అక్షరాలవే. ఆ ఆరింటికి ‘సి’ చేరితే సర్టెన్, ‘డి’ చేరితే ట్రెయిన్డ్, ‘జి’ చేరితే గ్రానైట్, ‘పి’ చేరితే పెయింటర్, రీపెయింట్ వస్తాయి. ఇవన్నీ బడిలో చదువుకున్న మాటలే. ఇక్కడ కొత్తగా నేర్చుకోవలసింది పదం కాదు, చెదిరిన అక్షరాల్లో దాన్ని చూడగలగడం. కాబట్టి అకారాది పట్టీని వల్లించే బదులు ఈ ఆరక్షరాలను ముందు పెట్టుకుని ఒక్కొక్క అక్షరం కలిపి చూసే సాధనే మేలు. రెండక్షరాల పదాల సంగతి వేరు: వాటిలో చాలావరకు బడిలో తారసపడవు గనుక కంఠస్థం చేయక తప్పదు.

అర్థాలు అక్కర్లేదా అంటే, ఆటకు అక్కర్లేదు. న్యూజిలాండ్‌కు చెందిన నైజెల్ రిచర్డ్స్ ఫ్రెంచ్ మాట్లాడడం రాకుండానే 2015లో ఫ్రెంచ్ స్క్రాబుల్ ప్రపంచ పోటీలో గెలిచారు. 2024లో స్పానిష్‌లోనూ గెలిచారు. అంతటి జ్ఞాపకశక్తి మనకు లేదు గనుక అర్థం తెలుసుకుంటేనే పదం నిలుస్తుందని నా నమ్మకం. ఏ–ఐ అంటే మూడు వేళ్ల స్లోత్ అనే జంతువనీ, ఎక్స్–యూ వియత్నాం నాణెమనీ, క్యూ–ఐ చైనీయులు చెప్పే ప్రాణశక్తి అనీ ఒకసారి తెలిస్తే మళ్లీ మరవడం కష్టం.

‘క్యూ’ పక్కన ‘యూ’ లేని పదాలది మూడో పట్టీ. చిన్నదే అయినా 10 పాయింట్ల ‘క్యూ’ చివరిదాకా చేతిలో మిగిలిపోకుండా కాపాడుతుంది. హైదరాబాద్ వాళ్లకు ఇందులో సగం పని తేలిక: ఫకీర్, తలాఖ్, నిఖాబ్, ఖాజీ వారు రోజూ వినే మాటలే, ‘క్యూ’తో రాసే స్పెల్లింగ్ మాత్రమే నేర్చుకోవాలి.

దాగిన ఐదక్షరాల పదాన్ని ఆరు ప్రయత్నాల్లో కనిపెట్టే వర్డ్‌ల్ ఆడేవారికి మాత్రం ఈ పట్టీలేవీ పెద్దగా అక్కరకు రావు. అక్కడ జవాబులు చాలావరకు అందరికీ తెలిసిన ఐదక్షరాల పదాలే. చిక్కల్లా పోలికలతోనే వస్తుంది: లైట్, నైట్, రైట్, ఫైట్, టైట్, మైట్, సైట్‌లలో మొదటి అక్షరం తప్ప మిగతా నాలుగూ ఒకటే కనుక, ఒక్కొక్కటీ ప్రయత్నిస్తూ పోతే ఆరు అవకాశాలూ అయిపోతాయి. ఎల్, ఎన్, ఎఫ్, ఎం వంటి అక్షరాల్లో మూడు నాలుగు కలిసి ఉన్న వేరే పదాన్ని మధ్యలో ఒకసారి వాడితే చిక్కు విడిపోతుంది.

స్క్రాబుల్ పట్టీ మొదలుపెట్టే ముందు అది ఏ దేశానిదో చూసుకోవడం అవసరం. ఉత్తర అమెరికా పట్టీలో రెండక్షరాల పదాలు 107 ఉన్నాయి. భారత్‌తో సహా మిగతా చాలా దేశాల్లో నడిచేది కాలిన్స్. జెడ్–ఓ కాలిన్స్‌లో చెల్లుతుంది, అమెరికాలో చెల్లదు. డాలస్‌లో ఉన్న అన్న, విజయవాడలో ఉన్న చెల్లెలు ఆన్‌లైన్‌లో తలపడేటప్పుడు ఏ పట్టీ ప్రకారం ఆడుతున్నారో మొదటి టైల్ వేయకముందే తేల్చుకోవాలి.