ఆల్క్యుమస్: బడి లెక్కలు చాలని పిల్లల కోసం

తరగతిలో చెప్పే లెక్కలు ముందే వచ్చేసిన పిల్లలకు మన దగ్గర చాలామంది సూచించే మార్గం ఐఐటీ ఫౌండేషన్. అక్కడ ఎక్కువగా జరిగేది పై తరగతి పాఠాన్ని ముందుగా చెప్పి, ఒకే రకం లెక్కను మళ్ళీ మళ్ళీ చేయించడం కాబట్టి, చురుకైన పిల్లలకు అదీ కొన్నాళ్ళకే విసుగు పుట్టిస్తుంది. ఏడో తరగతి చదువుతున్న మా అమ్మాయికి కావలసింది పై తరగతి పుస్తకం కాదు, చూడగానే దారి తోచని లెక్క. ఆ అవసరాన్ని తీర్చినది ఆర్ట్ ఆఫ్ ప్రాబ్లమ్ సాల్వింగ్ అనే అమెరికా సంస్థ తన వెబ్‌సైటులో ఉచితంగా అందిస్తున్న ఆల్క్యుమస్.

ప్రీ ఆల్జీబ్రా, ఆల్జీబ్రా, సంఖ్యావాదం (నంబర్ థియరీ), లెక్కింపు–సంభావ్యత, జ్యామితి వంటి విభాగాల్లో ఏదో ఒకటి ఎంచుకుంటే, ఒక్కొక్క లెక్క తెర మీదికి వస్తుంది. సరిగ్గా చేసేకొద్దీ కష్టమైనవి వస్తాయి. తడబడితే మెట్టు దిగుతుంది. కఠినత స్థాయిని మనమే పెంచుకునే వీలు కూడా ఉంది.

సంఖ్యావాదంలో ఎదురయ్యే ఒక రకం లెక్కను చూడండి: 1 నుంచి 100 వరకు ఉన్న సంఖ్యలన్నింటినీ గుణిస్తే వచ్చే లబ్ధం చివర ఎన్ని సున్నాలుంటాయి? చివరి సున్నా ఒక్కొక్కదానికి ఒక 2, ఒక 5 కావాలి. 2లకు కొదువ లేదు కనుక 5లను లెక్కిస్తే చాలునని మా అమ్మాయి త్వరగానే పట్టుకుని, 5 గుణిజాలు ఇరవై కాబట్టి జవాబు 20 అన్నది. తప్పు. జవాబు తప్పినా వెంటనే సాధన చూపించకుండా మరో అవకాశం ఇవ్వడంలోనే ఆల్క్యుమస్ గొప్పతనమంతా ఉంది. కాసేపు చిరాకు పడి, కాగితం మీద 5 గుణిజాలన్నీ వరసగా రాసుకున్నాక, 25, 50, 75, 100లలో 5 రెండేసి సార్లు ఉన్నదని తానే గమనించి 24 రాసింది. ఆ తరువాత కనిపించే సాధన కూడా సూత్రాన్ని అప్పజెప్పడం కాకుండా ఆలోచన ఎలా సాగాలో వివరిస్తుంది. జవాబు సరిగా వచ్చినా దాన్ని చదవమనే చెబుతాను; మనం పట్టిన దారికన్నా పొట్టి దారి అందులో తరచుగా ఉంటుంది.

లోపాలు లేకపోలేదు. అంతా ఇంగ్లీషులోనే ఉంటుంది కాబట్టి తెలుగు మీడియం పిల్లలకు మొదట్లో పక్కన ఒకరు కూర్చోవాలి. క్వార్టర్లు, డైములు వంటి అమెరికా నాణేలు మన పిల్లలకు కొత్త. ఒక క్వార్టర్ అంటే పాతిక సెంట్లని తెలియక ఆగిపోవడం లెక్క రాకపోవడం కాదు కదా. పాయింట్లు, లెవెళ్ళ మోజులో పడితే సులువైన విభాగాల్లోనే తిరిగే ప్రమాదమూ ఉంది. ఇదే సంస్థ ప్రత్యక్ష ఆన్‌లైన్ తరగతులకు డాలర్లలో రుసుము కట్టాలి. అమెరికా సాయంత్రం వేళల్లో జరిగేవి మనకు తెల్లవారుజామున పడతాయి. బడికి వెళ్ళే పిల్లలను అందుకోసం నిద్ర లేపడం నాకు సమ్మతం కాదు.

గణిత పోటీ అయిన ఒలింపియాడ్ వైపు చూసే తల్లిదండ్రులు మరో సంగతి గుర్తించాలి. మన దేశంలో మొదటి మెట్టయిన అర్హత పరీక్ష ఐఓక్యూఎంలో జవాబు సంఖ్య మాత్రమే అడుగుతారు, కాబట్టి దానికి ఈ అభ్యాసం బాగా పనికివస్తుంది. తరువాతి మెట్లయిన ఆర్‌ఎంఓ (ప్రాంతీయ స్థాయి), ఐఎన్‌ఎంఓ (జాతీయ స్థాయి) పరీక్షల్లో మాత్రం నిరూపణను ఆద్యంతం రాసి చూపాలి. జవాబును మాత్రమే పరిశీలించే ఆల్క్యుమస్ ఆ విద్యను నేర్పలేదు; అందుకు రాసినదాన్ని చదివి, ఏ వాక్యం దగ్గర తర్కం తెగిందో చెప్పే ఉపాధ్యాయుడే కావాలి.